శుక్రవారం గోదావరి, శనివారం 900కె: కారు లేకుండా విశాఖలో రెండు రోజులు

హైదరాబాద్‌లో శుక్రవారం సాయంత్రం రైలెక్కి, విశాఖలో స్నేహితుల ఇంట్లో రెండు రోజులుండి, సోమవారం పొద్దున్న ఆఫీసు వేళకి తిరిగొచ్చే ప్రయాణం ఇది. రైలు, సిటీ బస్సు, అవసరమైతే షేర్ ఆటో, అంతే. చాలాకాలంగా ఇలాగే వెళ్లొస్తున్నాం కాబట్టి గట్టిగా చెప్పగలం: దీనికి కారు అక్కర్లేదు. కావలసిందల్లా ఆదివారం సాయంత్రం తిరుగు బెర్తు. అది ఖాయం కాకుండా మాత్రం బయల్దేరకండి.

రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు, పొద్దున ఎనిమిదింటికి తెరుచుకుంటుంది. చాలామంది వెళ్లే టికెట్ తీసుకుని, వచ్చేది తర్వాత చూద్దాంలే అనుకుంటారు. ఆదివారం రాత్రి హైదరాబాద్ వైపు వచ్చే జనం ఎక్కువ. అందుకని రెండో టికెట్ తెరుచుకునే రోజుని కూడా ఫోన్‌లో అలారం పెట్టుకుని తీసుకోవాలి. తత్కాల్ మీద ఆశ పెట్టుకుంటే, అది ముందురోజు ఏసీకి పదింటికి, స్లీపర్‌కి పదకొండింటికి తెరుస్తారు. అంటే శనివారం పొద్దున సరిగ్గా మీరు ఒడ్డున ఉండే సమయం. పైగా ఆన్‌లైన్ తత్కాల్‌కి ఖాతాని ఆధార్‌తో ముందే అనుసంధానం చేసి ఉంచాలి. తడి చేతులతో ఓటీపీ కోసం చూస్తూ కూర్చునే పని పెట్టుకోవద్దు.

రైళ్లలో మా ఓటు గోదావరి ఎక్స్‌ప్రెస్‌కే. నాంపల్లిలో సాయంత్రం ఐదు దాటాక బయల్దేరి, సికింద్రాబాద్ మీదుగా తెల్లవారి ఆరు ప్రాంతానికి విశాఖ చేరుస్తుంది. ఆ వేళకి ఇంటివాళ్లు లేచి ఉంటారు, సిటీ బస్సులూ మొదలవుతాయి. హైటెక్ సిటీ నుంచి వచ్చేవాళ్లకి మాత్రం మూడింటికల్లా ఆఫీసులోంచి కదలడం కష్టమే. వాళ్లకి రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతంలో సికింద్రాబాద్ నుంచి గరీబ్‌రథ్ ఉంది. మధ్యాహ్నం మూడింటి వందేభారత్ శుభ్రంగా ఉంటుంది, వేగంగానూ వెళ్తుంది. కానీ ఎనిమిదిన్నర గంటలు కూర్చునే వెళ్లాలి. దిగేసరికి రాత్రి పదకొండున్నర. ఆ వేళ స్నేహితుడిని నిద్ర మానుకుని స్టేషన్‌కి రమ్మనడం న్యాయం కాదు. వారాంతానికి మేం దాన్ని ఎంచుకోం.

టికెట్ తీసుకునే ముందు స్నేహితుడిని అడగాల్సింది ఒకటుంది: మీ ఇల్లు ఏ వైపు? గాజువాక, కూర్మన్నపాలెం, స్టీల్‌ప్లాంట్ టౌన్‌షిప్ అయితే విశాఖ స్టేషన్ దాకా వెళ్లకుండా దువ్వాడలో దిగడం మేలు. లేకపోతే నగరం మధ్య దాకా వెళ్లి, మళ్లీ అదే దారిన వెనక్కి రావాలి. దువ్వాడలో దిగితే తర్వాత ఊళ్లోకి వెళ్లడానికి మద్దిలపాలెం వైపు 400 నంబరు వరస బస్సులు దొరుకుతాయి. ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, మద్దిలపాలెం అయితే విశాఖ స్టేషనే సరైనది. తీసుకెళ్లడానికి ఎవరైనా వస్తుంటే మెయిన్ గేటా, జ్ఞానాపురం వైపా అన్నది ముందే తేల్చుకోండి. ఒకటో ప్లాట్‌ఫారం ఓ వైపు, ఎనిమిదో ప్లాట్‌ఫారం ఇంకో వైపు. సంచులు మోసుకుంటూ వంతెన ఎక్కి దిగడం, అవతల వాళ్లు బండి తిప్పుకుని రావడం, ఈ గందరగోళం ఒక్క మాటతో తప్పుతుంది. దూర ప్రయాణ రైళ్లు కొన్ని విశాఖ స్టేషన్‌కి రాకుండా దువ్వాడ మీదుగానే దాటిపోతాయి. టికెట్ మీద దిగే స్టేషన్ పేరు ఒకసారి చదువుకోండి.

ఈ ప్రయాణంలో అసలు సుఖం 900కె బస్సు. రైల్వే స్టేషన్ నుంచి ఆర్టీసీ కాంప్లెక్స్ మీదుగా భీమిలి దాకా వెళ్తుంది. ఊరు దాటి జోడుగుళ్లపాలెం, సాగర్‌నగర్ వచ్చేసరికి సముద్రం కుడి పక్కన తెరుచుకుంటుంది. అక్కడి నుంచి రుషికొండ, గీతం యూనివర్సిటీ, మంగమారిపేట, ఎర్రమట్టి దిబ్బలు. తాటిచెట్లు, పడవలు, వలలు, మధ్యమధ్య కొండ మలుపు. భీమిలి చేరడానికి ట్రాఫిక్‌ని బట్టి గంటన్నర దాకా వేసుకోండి. క్యాబ్‌కి అయ్యే ఖర్చులో చిన్న భాగానికే ఇంకా ఎత్తు మీద కూర్చుని చూడొచ్చు. చిల్లర దగ్గరుంచుకోండి.

సీటు విషయంలో ఒక చిక్కుంది. వెళ్లేటప్పుడు సముద్రం కుడి వైపు, పొద్దున ఎండా కుడి వైపే. తొమ్మిది దాటితే ఆ కిటికీ దగ్గర నీళ్ల మీది తళుకుకి కళ్లు తెరవలేం. ఆరున్నర, ఏడు మధ్య ఎక్కితే ఇంకా లేత ఎండే. తిరిగి వచ్చేటప్పుడు సముద్రం ఎడమ చేతి వైపుకి మారుతుంది, మధ్యాహ్నం మూడు తర్వాత ఎండ కుడి వైపు పడుతుంది. కాబట్టి సముద్రాన్ని తీరిగ్గా చూడాలంటే నాలుగింటి ప్రాంతంలో భీమిలిలో ఎక్కి ఎడమ కిటికీ పట్టాలి. బస్సు బయల్దేరేది అక్కడే కనక సీటు దొరుకుతుంది. రుషికొండలో ఎక్కాలనుకుంటే సాయంత్రం నిలబడే రావాలి. చీకటి పడేదాకా భీమిలిలో ఉండిపోవద్దు, బస్సులు పలచబడతాయి.

ఆడవాళ్లు ఒక విషయం గమనించాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం ఉంది. కానీ అది ఆ రాష్ట్రవాసులకే. తెలంగాణ చిరునామాతో ఆధార్ ఉంటే టికెట్ తీసుకోవాల్సిందే.

నీళ్లలో దిగడం గురించి నొక్కి చెప్పాలి. ఆర్కే బీచ్ చూడ్డానికి, నడవడానికి, సాయంత్రం మూరీ మిక్చర్ తినడానికి. స్నానానికి కాదు. నాలుగడుగులు వేస్తే చాలు, ఇసుక జారుగా లోతుకి పోతుంది, వెనక్కి లాగే నీళ్లు కాళ్ల కింద ఇసుకని కోసేస్తాయి. ఈ తీరంలో ఇసుక ఏడాది మొత్తం మీద దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. ఔటర్ హార్బర్ గోడలు దాన్ని అడ్డుకోవడంతో ఆర్కే బీచ్ కోతకి గురవుతోంది. పోర్టు తవ్వి తీసిన ఇసుకని అక్కడ పోస్తుంటారు అందుకే. ఒక నెల చూసిన ఒడ్డు మరో నెల ఉండదు. యారాడ బీచ్ అందంగా ఉంటుంది గానీ ప్రవాహాలు ఇంకా మొండివి. కాళ్లు తడుపుకోవాలంటే రుషికొండలో లైఫ్‌గార్డులు ఉన్న మేరకే. భీమిలిలో గోస్తని నది సముద్రంలో కలిసేచోట నీళ్లు నిమ్మళంగా కనిపించినా దిగకండి.

ఆర్కే బీచ్‌లో ఉన్న కురుసుర జలాంతర్గామికి సోమవారం సెలవు. శనివారం భీమిలి నుంచి ముందే వచ్చేసినవాళ్లు మధ్యాహ్నం రెండింటికి తెరిచేసరికి వెళ్తే తోపులాట తక్కువ. 1969లో నౌకాదళంలో చేరి 2001లో విరమించిన సోవియట్ తయారీ నౌక ఇది. గదికీ గదికీ మధ్య గుండ్రటి గుమ్మంలోంచి ముందు ఒక కాలు, తర్వాత తల, ఆ తర్వాత రెండో కాలు దూర్చి వెళ్లాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని బలవంతపెట్టకండి. వీపు సంచి ఇంటి దగ్గరే వదిలి రండి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో యాంత్రిక పడవలకి వేట నిషేధం. స్నేహితుడింట్లో వంజరం పులుసు మీద ఆశతో ఆ రెండు నెలల్లో వెళ్తే దొరికేది తక్కువ, ధర ఎక్కువ. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం వార్త వస్తే వెంటనే మానుకోండి, రైళ్లు ఆగిపోతే సోమవారం గోవిందా. మాకు నచ్చేది డిసెంబరు నుంచి ఫిబ్రవరి.

ఇంటివాళ్లకి ఇబ్బంది పెట్టేది ఇసుక. ఒంటికంటిన ఇసుక ఒడ్డునే కడుక్కోండి, జీన్స్ వేసుకోవద్దు. విశాఖ గాలిలో తేమకి జీన్స్ రెండు రోజులైనా ఆరవు. పల్చటి పంచె తువ్వాళ్లు రెండు, తడి బట్టలకి ఒక ప్లాస్టిక్ సంచి చాలు. స్నేహితుడు స్టీల్‌ప్లాంట్‌లో షిఫ్టులు చేస్తుంటే ఆ వారం ఏ షిఫ్టో కనుక్కుని వెళ్లండి. నైట్ షిఫ్టు చేసి వచ్చిన మనిషిని భీమిలికి లాక్కెళ్లకండి. తిరిగొచ్చేటప్పుడు మాడుగుల హల్వా తెచ్చుకోవచ్చు, ఫ్రిజ్ లేకపోయినా చాలా రోజులు నిలవుంటుంది. పచ్చి చేపలు మాత్రం ఐస్‌లో పెట్టినా రైల్లోకి తేవద్దు. ఐస్ కరిగి నీచు నీళ్లు బెర్తు కిందంతా పారతాయి.

ఆదివారం గోదావరి విశాఖలో ఐదు దాటాక బయల్దేరుతుంది, కాబట్టి మూడున్నరకి ఇంటి నుంచి కదలండి. బీచ్ రోడ్డు వైపు నుంచి స్టేషన్‌కి ఆ వేళ ట్రాఫిక్ ఎక్కువ. సోమవారం తెల్లవారి సికింద్రాబాద్‌లో దిగితే పక్కనే ఈస్ట్ మెట్రో స్టేషన్, అక్కడి నుంచి నేరుగా రాయదుర్గం. మెట్రో మొదలయ్యేది ఆరింటికి. ఎల్బీనగర్, మియాపూర్ వాళ్లు నాంపల్లి దాకా కూర్చుంటే రెడ్ లైన్ అక్కడే అందుతుంది.