కుంట నీళ్లు తేర్చడానికి జిప్సం: మూడేళ్ల వాడకం తర్వాత

పటిక పనితనానికి వంక పెట్టలేను. గంటల్లో నీళ్లు తేరతాయి. అయినా మా చేపల కుంట గట్టు మీదికి దాన్ని మళ్లీ రానివ్వను.

మొదటి ఏడాది వానలు తగ్గాక కుంట పాలు పోసిన టీలా తయారైంది. పది రోజులు ఆగినా మట్టి దిగలేదు. బంకమట్టి రేణువులన్నిటికీ రుణావేశమే, ఒకదాన్నొకటి నెట్టుకుంటూ తేలుతూనే ఉంటాయి. కుంటలో నీళ్లు సుమారు 120 ఘనమీటర్లు. మూడున్నర కిలోల పటిక కరిగించి చల్లితే సాయంత్రానికి అంచుల్లో అడుగు కనిపించింది. ఆ సంబరంలో మర్నాడు మళ్లీ అంతే వేశాను. తెల్లారేసరికి చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. పీహెచ్ కాగితం ముంచితే 5 చూపించింది, అంటే నీళ్లు ఆమ్లంగా మారాయి. మావి దాదాపు వాన నీళ్లే, ఆమ్లాన్ని తట్టుకునే గుణం తక్కువ. ఉన్న కాస్తా పటిక తినేసింది. టెన్షన్‌తో సున్నపు తేట కొంచెం కొంచెంగా కలుపుతూ పోయినా సగం చేపలు దక్కలేదు. ముందు బకెట్లో చూసుకోకపోవడం నా తప్పే. కోపం మాత్రం పటిక మీదే!

అప్పటినుంచి జిప్సం. ఇది పీహెచ్ జోలికి పోదు, నాకు ఆ ఒక్కటీ చాలు. అందులోని కాల్షియం మట్టి రేణువుల ఆవేశాన్ని తగ్గించి గుంపు కట్టిస్తుంది. ఈసారి ఐదు బకెట్లలో పదేసి లీటర్లు పట్టి, 1 గ్రాము నుంచి 5 గ్రాముల దాకా వేసి చూశాను. 3 గ్రాముల బకెట్ బాగా తేరింది. అంటే కుంటకు 36 కిలోలు. పటికతో పోలిస్తే పదింతలు. పొడిగా విసిరితే ముద్దలై అడుగుకు పోతుంది, డ్రమ్ములో కలిపి చల్లాలి. నడుము పట్టేస్తుంది.

రెండు రోజుల్లో తేటబడుతుందని మొదట్లో అందరికీ చెప్పుకున్నాను. అది గాలి లేని రోజుల మాట. మామూలుగా నాలుగైదు రోజులు పడుతోంది. పైగా గట్టు మీద గడ్డి పట్టని మూల నుంచి ప్రతి వానకీ కొత్త మట్టి దిగుతూనే ఉంది, దానికి జిప్సం ఏం చేస్తుంది? పాత కాల్షియం నీళ్లలో మిగిలే ఉంటుంది కాబట్టి రెండోసారి తక్కువే పట్టింది.

చేపలు లేని కుంటైతే నేనూ ఇంత మోసేవాణ్ణి కాదేమో. ఇంట్లో బకెట్ నీళ్లకు ఇప్పటికీ పటిక ముక్కే తిప్పుతాను, తాగాలంటే తేరాక కాచుకుంటాం.