ఒకే కోటలో జీవితకాలమా, కోట నుంచి కోటకు ప్రయాణమా: ఏది మేలు?

బ్రిటన్‌లోని రోమన్ సరిహద్దు కోటలను తవ్విన పురావస్తు శాస్త్రవేత్తల జీవితాలను పరిశీలిస్తే రెండు దారులు కనిపిస్తాయి. ఒకే కోటను పట్టుకొని దశాబ్దాల పాటు తవ్వినవారు కొందరైతే, ఒకచోట నేర్చినదాన్ని వెంటబెట్టుకొని మరో కోటకు, మరో దేశానికి సాగిపోయినవారు మరికొందరు. ఈ వృత్తిలోకి రాదలచిన విద్యార్థికి ఏ దారి మేలన్న ప్రశ్నకు జవాబు చాలావరకు ఆ కోట కింది మట్టిలోనే ఉన్నదని నా అభిప్రాయం.

రెండవ దారికి మోర్టిమర్ వీలర్‌ను మించిన ఉదాహరణ లేదు. వేల్స్‌లో 1921-22లో సెగాంటియం కోటను, 1924-25లో బ్రెకన్ సమీపంలోని కోటను తవ్విన ఆయన, ఆ తర్వాత భార్య టెస్సాతో కలిసి ఇంగ్లండులోని పెద్ద స్థలాలకు మళ్లారు. 1944లో భారత పురావస్తు శాఖకు డైరెక్టర్ జనరల్‌గా వచ్చి, మరుసటి ఏడాది పుదుచ్చేరి దగ్గరి అరికమేడులో తవ్వకాలు జరిపారు. అక్కడ దొరికిన ఇటలీ ఎర్ర పాత్రల పెంకుల కాలం యూరప్ తవ్వకాల వల్ల ముందే తెలిసి ఉండడంతో, వాటితో పాటు బయటపడిన రూలెటెడ్ పాత్రలకు (చిన్న గాట్ల వరుసలతో నగిషీ చేసినవి) కాలం నిర్ణయించడం సాధ్యమైంది. మన అమరావతిలో, శాలిహుండంలో ఈ రూలెటెడ్ రకం పెంకులే దొరికాయి కనుక, ఆ నిర్ణయం తీరాంధ్ర చరిత్రకూ ఆధారమైంది. ఒకే కోటలో కూర్చున్నవారికి ఈ చూపు అబ్బేది కాదు. అయితే వీలర్ అక్కడ తవ్వింది కొద్ది నెలలే. 1989-92 మధ్య విమలా బెగ్లీ అదే స్థలాన్ని మళ్లీ తవ్వి, ఆయన అనుకొన్నదానికంటే ముందే అక్కడ జనావాసం, ఆ పాత్రల వాడకం ఉన్నాయని వాదించారు. త్వరగా కదిలిపోయే శాస్త్రవేత్త లెక్కను వెనుక వచ్చినవారు సరిచేయవలసి రావడం ఈ దారిలో తప్పని నష్టం.

మొదటి దారికి విండోలాండా సాక్ష్యం. ఉత్తర ఇంగ్లండులో రోమన్లు కట్టిన సరిహద్దు గోడ అయిన హేడ్రియన్ గోడకు కాస్త దక్షిణంగా ఉన్న ఆ కోట స్థలాన్ని 1929లో ఎరిక్ బర్లీ కొన్నారు. 1970లో ట్రస్టు ఏర్పడింది. ఆయన కుమారుడు రాబిన్, ఆ తర్వాత మనవడు ఆండ్రూ తవ్వకాలను నడిపించారు. అక్కడ ఉన్నది ఒక కోట కాదు, ఒకదానిపై ఒకటిగా కట్టిన తొమ్మిది కోటలు. పాత కొయ్య కోటను కూల్చి, పైన బంకమట్టి, పచ్చిక గడ్డలు పరచి కొత్తది కట్టిన ప్రతిసారీ, అడుగున ఉన్నది గాలి సోకకుండా మూసుకుపోయింది. అందువల్లనే తోలు చెప్పులు, నేత బట్టలు, చెక్క వస్తువులు దాదాపు పంతొమ్మిది వందల ఏళ్లు కుళ్లకుండా నిలిచాయి. 1973 మార్చిలో చెక్క పేళ్లని మొదట అనుకొన్నవాటిలో రెండు అతుక్కొని ఉండగా, విడదీసి చూస్తే లోపల సిరా రాత కనిపించింది. గాలి తగలగానే ఆ అక్షరాలు మాసిపోగా, పరారుణ ఫొటోల ద్వారా మళ్లీ చదవగలిగారు. క్లాడియా సెవెరా అనే ఆమె, కోట అధిపతి సెరియాలిస్ భార్య లెపిడినాను సెప్టెంబరు 11న తన పుట్టినరోజుకు రమ్మని పిలిచిన ఉత్తరం ఇలా దొరికినదే. దాని చివరి వాక్యాలు ఆమె స్వహస్తంతో రాసినవి. ఆ వాక్యాల గురించి చదివిన ప్రతిసారీ, ఒక్క వేసవి తవ్వి వెళ్లిపోయే బృందానికి ఆ లోతు అందేదా అని ఆలోచిస్తాను. పై రాతి కోటను నమోదు చేసి, నీరు ఊరే నేలను అదుపులో ఉంచుకొంటూ, అడుగు పొరలకు చేరడం ఏళ్ల తరబడి సాగే పని.

ఏ దారి పట్టినా, తవ్వినదాన్ని రాసి ప్రచురించడం తప్పనిసరి. స్కాట్లండులోని న్యూస్టెడ్ కోటను 1905-10 మధ్య తవ్వించిన జేమ్స్ కర్ల్ వృత్తిరీత్యా న్యాయవాది. తవ్వకం ముగిసిన మరుసటి ఏడాదే, 1911లో, సమగ్ర నివేదిక ప్రచురించారు. తవ్విన పొర మళ్లీ రాదు; నివేదిక రాకపోతే అది రెండుసార్లు పోయినట్లే. ఒకేచోట ఉండేవారికి ‘ఇంకో ఏడాది చూద్దాం’ అన్న ఆలోచన సులభంగా అలవాటవుతుంది కనుక, కర్ల్ క్రమశిక్షణ వారికే ఎక్కువ అవసరం.

నేటి ఉద్యోగాల తీరు వేరు. 1990లో ఇంగ్లండు ప్రణాళికా నిబంధనలు మారినప్పటి నుంచి, కట్టడానికి ముందు జరిపే తవ్వకాల ఖర్చును నిర్మాణదారులే భరిస్తున్నారు. ఎక్కువ కొలువులు అక్కడే ఉన్నాయి. రకరకాల నేలలు చూడవచ్చు, జీతం వస్తుంది, కాని ఎక్కడ తవ్వాలో, ఎప్పుడు ఆపాలో నిర్ణయించేది నిర్మాణ గడువు. చేతికి పని నేర్పడానికి తొలి నాలుగైదేళ్లు ఆ దారిలో గడపడం మంచిదే. ఆ తర్వాత మాత్రం, గాలి సోకనివ్వక వస్తువులను కాపాడే తడి నేల ఉన్న ఒక కోట దొరికితే అక్కడే స్థిరపడాలని నేను సూచిస్తాను. ఈ సూచనకు ఇప్పుడు తొందర కూడా తోడైంది: విండోలాండా ట్రస్టు 2023లో హేడ్రియన్ గోడ దగ్గరే ఉన్న మాగ్నా అనే మరో రోమన్ కోట వద్ద మొదలుపెట్టిన తవ్వకాలకు ఒక ముఖ్య కారణం, మారుతున్న వాతావరణం వల్ల అక్కడి తడి నేల దెబ్బతింటుండడమే.