సెల్లార్‌లో నీళ్లొస్తే హోమ్ ఇన్సూరెన్స్: వాన నీళ్లకి ఇచ్చారు, ఊటకి ఇవ్వలేదు

భీమవరం వైపు సెల్లార్ ఉన్న ఇల్లు కట్టుకున్నవాళ్లు, కట్టబోయేవాళ్లు ఒకసారి చదవండి. మాది భారత్ గృహ రక్ష పాలసీ. 2021 ఏప్రిల్ నుంచి ఐఆర్‌డీఏఐ (బీమా కంపెనీల మీద ఉండే నియంత్రణ సంస్థ) పెట్టిన స్టాండర్డ్ పాలసీ ఇది, ఏ కంపెనీలో కొన్నా మూల షరతులు ఒకటే, తేడా అంతా క్లెయిమ్ అప్పుడు మనతో ఎలా ఉంటారన్న దగ్గరే. ఏడాది ప్రీమియం మా ఇంటి ఒక నెల పాల బిల్లు కంటే తక్కువే.

మొన్న వర్షాకాలంలో రాత్రంతా కుండపోత. యనమదుర్రు డ్రెయిన్ నిండిపోయి వీధిలో నీళ్లు లాగలేదు, అవన్నీ ర్యాంపు మీదుగా మా సెల్లార్‌లోకి దిగాయి. వాషింగ్ మెషిన్, ఇన్వర్టర్ బ్యాటరీ, నీళ్ల మోటారు, అత్తయ్యగారి టేకు బీరువా, బండి, అన్నీ మునిగాయి.

తుఫాను, వరద, ముంపు, ట్యాంకు పొంగడం, పైపు పగలడం ఇవన్నీ పాలసీలో ఉన్నాయి. గోడలోంచి మెల్లమెల్లగా ఊరే చెమ్మ మాత్రం లేదు. మన డెల్టాలో అసలు చిక్కంతా ఇక్కడే, ఎందుకంటే కాలవలు వదిలారంటే భూమిలో నీళ్లు పైకొస్తాయి, వాన లేకపోయినా సెల్లార్ గోడ చెమ్మగానే ఉంటుంది.

క్లెయిమ్ పెట్టాక నష్టం లెక్కకట్టే సర్వేయర్ గారు రాగానే సామాన్ల వంక చూడలేదు, గోడ దగ్గర కూర్చున్నారు. అడుగున తెల్లగా ఉప్పు పూసిన చోట తాళంచెవితో గీకితే ప్లాస్టరింగ్ పెచ్చు ఊడి చేతిలోకొచ్చింది. "ఇది మొన్నటి వాన కాదండీ, పాత ఊట" అన్నారు. ప్లాస్టరింగ్ వరకు ఆయన మాట న్యాయమే. కానీ కంపెనీ ఆ ఒక్క ముక్క పట్టుకుని మొత్తం క్లెయిమ్ కొట్టేసింది. నిలువులోతు నీళ్లు గోడలోంచి ఊరతాయా? అప్పుడు పడ్డ టెన్షన్ ఇంతా అంతా కాదు.

మమ్మల్ని కాపాడింది మా అబ్బాయి బాల్కనీలోంచి తీసిన వీడియో. నీళ్లు ర్యాంపు మీంచి లోపలికి దూకడం అందులో స్పష్టంగా ఉంది. దానికి షట్టర్ మీద బురద గీత ఫొటోలు జతచేసి కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, ఐఆర్‌డీఏఐ వాళ్ల ఫిర్యాదుల వెబ్‌సైట్ బీమా భరోసా పోర్టల్‌లో కూడా పెట్టాక గానీ కదల్లేదు. చివరికి సామాన్లకి, మోటారుకి ఇచ్చారు, ప్లాస్టరింగ్‌కి ఇవ్వలేదు. అప్పటికీ వినకపోతే హైదరాబాద్‌లో బీమా ఫిర్యాదులు విని తీర్పు చెప్పే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నారు, మన ఆంధ్రకీ యానానికీ అక్కడే, ఫీజు లేదు.

బండి సంగతి వేరే. వాహనాలు ఇంటి సామాన్ల కిందికి రావు, దానికి ఫుల్ ఇన్సూరెన్స్ విడిగా ఉండాలి, థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే మన బండికి రూపాయి రాదు. మునిగిన బండిని మాత్రం స్టార్ట్ చేసి చూడకండి, ఇంజన్‌లోకి నీళ్లు లాగితే ఇంజన్ కోసం విడిగా తీసుకునే అదనపు కవర్ (యాడ్ఆన్) లేనివాళ్లకి ఆ క్లెయిమూ కష్టమే.

కొనేటప్పుడు ఇంటి విలువ అంటే కట్టుబడి ఖర్చే చెప్పండి, స్థలం రేటు లెక్కలోకి రాదు. ఇంటితో పాటు సామాన్లకీ తీసుకుంటే ఇంటి విలువలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా వాటికి కవరేజి దానంతటదే వస్తుంది, అంతకు మించి కావాలంటే లిస్టు రాసివ్వాలి.

నా మార్కులు: పాలసీకి ఐదుకి నాలుగు, కంపెనీకి రెండు. వానలు మొదలవకముందే ఖాళీ సెల్లార్ గోడలన్నీ ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి, ఏది పాత చెమ్మో ఏది కొత్త నీళ్లో సర్వేయర్‌కి చూపించడానికి అదే ఆధారం.