బ్లెండర్‌తో త్రీడీ యానిమేషన్ ఓనమాలు: ఏళ్ల తరబడి వాడాక నా మాట

త్రీడీ యానిమేషన్ మొదటి పాఠాలు నేర్చుకోవడానికి బ్లెండర్ సరిపోతుందా అని ఎవరైనా అడిగితే, సందేహం లేకుండా సరిపోతుందనే చెప్తాను. చాలామంది మధ్యలో వదిలేయడానికి కారణం ఆ సాఫ్ట్‌వేర్ కాదు. బొమ్మ తయారు చేయడంలోనే నెలలు గడిపేసి, ఆ బొమ్మని కదిలించే దగ్గరికి రాకముందే ఓపిక అయిపోతుంది. కదలికే యానిమేషన్. దాన్ని మొదటి వారంలోనే పట్టుకోవాలి.

నాది గుంటూరు. అరండల్‌పేటలో పెళ్లి వీడియోల మిక్సింగ్ పని చేస్తాను. 2019లో 2.80 వెర్షన్ వచ్చినప్పటినుంచి బ్లెండర్ నా చేతిలోనే ఉంది. పెళ్లి టైటిళ్లు, బట్టల షాపుల ప్రకటనలు, మిర్చి వ్యాపారుల లోగోలు అన్నీ దీంతోనే చేస్తాను. సాయంత్రం పూట మా వీధి పిల్లలు కొందరు వచ్చి పక్కన కూర్చుని నేర్చుకుంటారు. కింద చెప్పేవన్నీ నా పనిలోనూ, వాళ్ల చేతుల్లోనూ చూసినవే.

డబ్బు సంగతి ముందే చెప్పేస్తాను. బ్లెండర్‌కి రూపాయి కట్టక్కర్లేదు. ఇది నెదర్లాండ్స్‌కి చెందిన టోన్ రోసెండాల్ మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్. 2002లో దాన్ని నడిపే కంపెనీ మూతపడితే, వాడేవాళ్లంతా చందాలు వేసుకుని ఏడు వారాల్లో లక్ష యూరోలు పోగు చేసి దాన్ని విడిపించారు. ఆ ఏడాది అక్టోబరు నుంచి అది ఓపెన్ సోర్స్, అంటే దాని కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది. కాపీ కొట్టిన సాఫ్ట్‌వేర్‌లతోనూ, వాటితో వచ్చే వైరస్‌లతోనూ నడిచే ల్యాబులు మన దగ్గర తక్కువేం కాదు. దర్జాగా డౌన్‌లోడ్ చేసుకుని, చేసిన పనికి కస్టమర్ దగ్గర డబ్బు తీసుకోగలగడం చిన్న విషయమేమీ కాదు. ఉచితంగా వచ్చేది ఏపాటి ఉంటుందిలే అనుకునేవాళ్లకి ఒక్క మాట: 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ గెలిచిన లాట్వియా సినిమా 'ఫ్లో' బ్లెండర్‌లో చేసిందే.

ఖర్చంతా కంప్యూటర్‌కే. 8 జీబీ ర్యామ్ కనీసం ఉండాలి, 16 ఉంటే హాయిగా ఉంటుంది. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటే రెండరింగ్‌లో, అంటే చేసిన సీనుని చివరి బొమ్మలుగా మార్చడంలో, గంటలు ఆదా అవుతాయి. కానీ నేర్చుకునే రోజుల్లో అది లేకపోయినా ఆగనక్కర్లేదు. దానికంటే ముందు మధ్యలో చక్రం ఉన్న మామూలు మౌస్ కొనండి. ఆ చక్రాన్ని నొక్కి పట్టుకునే బొమ్మ చుట్టూ తిరిగి చూస్తాం. ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్‌తో మొదలుపెట్టిన పిల్లలు రెండు రోజుల్లో విసిగిపోవడం చూశాను. పక్కన అంకెల కీలు లేని ల్యాప్‌టాప్ అయితే సెట్టింగ్స్‌లో 'ఎమ్యులేట్ నంపాడ్' అని ఉంటుంది, అది పెట్టుకుంటే పై వరుస అంకెలే పనిచేస్తాయి.

ఇక నేర్చుకోవడం. మొదటిసారి తెరిస్తే మధ్యలో ఒక ఘనం, ఒక కెమెరా, ఒక లైటు, చుట్టూ బోలెడన్ని బటన్లు కనిపిస్తాయి. వాటిలో నూటికి తొంభై మొదటి నెలలో అక్కర్లేదు. జీ నొక్కితే వస్తువు జరుగుతుంది, ఆర్ నొక్కితే తిరుగుతుంది, ఎస్ నొక్కితే పెరుగుతుంది లేదా తగ్గుతుంది. ఆ వెంటనే ఎక్స్, వై, జెడ్‌లలో ఒకటి నొక్కితే ఆ దిశలోనే కదులుతుంది. ట్యాబ్ నొక్కితే వస్తువు లోపలికి, అంటే దాని బిందువులూ అంచులూ ముఖాల దగ్గరికి వెళ్తాం. ఈ అయిదారు కీలు చేతికి అలవాటైతే సగం భయం పోతుంది. యూట్యూబ్‌లో పాఠం చూసేటప్పుడు అది 2.80 కంటే పాతదా అని ముందు గమనించండి. పాత వెర్షన్లలో కుడి క్లిక్‌తో ఎంచుకునేవాళ్లు, ఇప్పుడు ఎడమ క్లిక్. ఆ ఒక్క తేడాతోనే కొత్తవాళ్లకి బుర్ర తిరిగిపోతుంది.

నెట్‌లో ప్రపంచమంతా డోనట్ చేస్తూ మొదలుపెడుతుంది. నేను మా పిల్లలతో ఎండు మిరపకాయ చేయిస్తాను. గుంటూరులో దాన్ని చూడనివాళ్లు ఉండరు, కాబట్టి తప్పు ఎక్కడుందో ఎవరూ చెప్పకుండానే వాళ్లకే తెలిసిపోతుంది. ఒక సిలిండర్ తీసుకుని, సాగదీసి, కొసకి సన్నం చేసి, కాస్త వంచి, తొడిమ పెట్టాలి. రంగు దగ్గరికి వచ్చేసరికి అసలు పాఠం మొదలవుతుంది. ఎరుపు వేయగానే ప్లాస్టిక్ బొమ్మలా కనిపిస్తుంది. రఫ్‌నెస్ అనే విలువని పెంచితే మెరుపు చెదురుతుంది, ముడతలకి బంప్ (ఎత్తుపల్లాలు ఉన్నట్టు చూపేది) కలిపితే తొక్క ఎండినట్టు కనిపిస్తుంది, తొడిమ దగ్గర రంగు మార్చితే ప్రాణం వస్తుంది. వెలుతురు వస్తువు మీద పడి ఎలా తిరిగి వస్తుందో పుస్తకంలో పది పేజీలు చదివినా ఇంతలా అర్థం కాదు.

ఇది రెండు మూడు రోజుల పని, అంతే. అక్కడితో మోడలింగ్ ఆపేసి కదలికలోకి రావాలి.

ముందు బంతి. పైనుంచి కింద పడి, ఎగిరి, మళ్లీ పడాలి. పైన ఒక కీఫ్రేమ్ (ఏ క్షణంలో వస్తువు ఎక్కడ ఉండాలో చెప్పే గుర్తు), నేల మీద ఒక కీఫ్రేమ్, మళ్లీ పైన ఒకటి పెట్టి ప్లే చేస్తే బంతి నేలని తాకబోతూ నెమ్మదిస్తుంది, నీళ్లలో తేలుతున్నట్టు ఉంటుంది. ఎందుకంటే రెండు కీఫ్రేముల మధ్య కదలికని బ్లెండర్ తనంతట తాను మెత్తగా మొదలుపెట్టి మెత్తగా ఆపుతుంది. నిజం బంతి నేల దగ్గరే అన్నిటికంటే వేగంగా ఉంటుంది. ఇక్కడే గ్రాఫ్ ఎడిటర్ తెరవాలి. అందులో బంతి ఎత్తు ఒక గీతగా కనిపిస్తుంది. నేలని తాకే కీఫ్రేముని ఎంచుకుని వీ నొక్కి వెక్టర్ ఎంచుకుంటే ఆ చోట గీత గుండ్రంగా కాకుండా మొనదేలుతుంది. ప్లే చేయండి, బంతికి బరువు వస్తుంది. ఆ క్షణంలో పిల్లల ముఖాలు వెలిగిపోతాయి. త్రీడీ నేర్పే నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘడియ అదే.

బరువుతో పాటు కాలం కూడా లెక్కకి రావాలి. భూమ్యాకర్షణ వల్ల వదిలేసిన వస్తువు అర సెకనులో మీటరుంపావు దాకా పడుతుంది. సెకనుకు 24 ఫ్రేములు, అంటే 24 బొమ్మలు, అయితే అది 12 ఫ్రేములు. నడుమెత్తు నుంచి వదిలిన బంతికి 30 ఫ్రేములు ఇస్తే అది బంతిలా కాదు, బెలూన్‌లా దిగుతుంది. ఫోన్లో నిజం బంతిని వీడియో తీసి, ఫ్రేము ఫ్రేముగా చూసి లెక్కపెట్టమని చెప్తాను. ఫోన్ సాధారణంగా సెకనుకు 30 ఫ్రేములు తీస్తుంది కాబట్టి ఆ లెక్కని మార్చుకోవాలి. మా పెళ్లి వీడియోల లైన్లో ఉన్నవాళ్లు ఇంకోటి చూసుకోవాలి: మన టైమ్‌లైన్ 25 ఫ్రేములది, బ్లెండర్ మామూలుగా 24తో తెరుచుకుంటుంది. మొదట్లోనే 25కి మార్చకపోతే చివర్లో టైటిల్ అక్కడక్కడా తడబడుతుంది.

డిస్నీలో పనిచేసిన ఫ్రాంక్ థామస్, ఆలీ జాన్‌స్టన్ 1981లో రాసిపెట్టిన పన్నెండు యానిమేషన్ సూత్రాల్లో నలిగి సాగడం, ముందస్తు కదలిక, వేగం తగ్గుతూ ఆగడం వంటివి ఈ బంతితోనే సగం వచ్చేస్తాయి. చేతితో గీసిన బొమ్మల కోసం రాసినవి త్రీడీకీ అలాగే వర్తిస్తాయి.

బంతి తర్వాత కొండపల్లి బండి. ఎడ్లబండి బొమ్మ మా ఇళ్లలో ఉండేదే, తెల్ల పొణికి చెక్కతో చేసింది. దాన్ని పట్టుకుని ముందు చక్రాలు చేయమంటాను. బండి ముందుకి జరగాలి, చక్రం సరిగ్గా అంతే తిరగాలి, జారకూడదు. చక్రం వ్యాసార్థం అర మీటరు అయితే ఒక్క చుట్టుకి 3.14 మీటర్లు కదలాలి. కీఫ్రేములతో చేస్తే బండి వేగం మార్చిన ప్రతిసారీ చక్రాన్నీ మళ్లీ సరిచేయాలి. డ్రైవర్ అనే సదుపాయంతో 'బండి జరిగిన దూరాన్ని వ్యాసార్థంతో భాగించు' అని ఒక్క లెక్క రాసేస్తే చక్రం దానంతట అదే తిరుగుతుంది. పదో తరగతి లెక్కలు ఎందుకు అని అడిగే పిల్లాడికి ఇంతకంటే మంచి జవాబు నాకు తెలియదు. అన్నట్టు, చక్రాన్ని ఎస్ తో పెంచినవాళ్లు కంట్రోల్ ఏ నొక్కి ఆ కొలతని ఖాయం చేయాలి. లేకపోతే తర్వాత ఏది కలిపినా వంకరపోతుంది.

మనుషుల బొమ్మలని కదిలించడానికి వీలుగా అమర్చడం, అంటే రిగ్గింగ్, నిజంగా కష్టం. తోలుబొమ్మలాటలో మోచేయి దగ్గర, భుజం దగ్గర విడివిడి ముక్కలని దారంతో కుట్టి కర్రతో ఆడించినట్టే, ఇక్కడ బొమ్మ లోపల ఎముకలు పెట్టి వాటితో ఆడిస్తాం. తేడా ఏమిటంటే ఇక్కడ తోలు ఒకటే ముక్క, ఏ ఎముక ఎంత చర్మాన్ని లాగాలో మనమే చెప్పాలి. ఆటోమేటిక్ వెయిట్స్ అనే సదుపాయం చాలావరకు చేసిపెడుతుంది. ఒక్కోసారి ఎముకల వేడి లెక్కకి పరిష్కారం దొరకలేదని ఎర్రగా ఒక హెచ్చరిక వస్తుంది. తరచూ దానికి కారణం ఒకదాని మీద ఒకటి పడిన బిందువులు. 'మర్జ్ బై డిస్టెన్స్' చేస్తే ఎక్కువసార్లు తీరిపోతుంది. బ్లెండర్‌తో పాటే వచ్చే రిగిఫై నడిచే మనిషికి కావలసిన ఎముకలన్నీ ఇస్తుంది. అయినా మొదటి ఆరు నెలల్లో దీని జోలికి పోవద్దనే నా సలహా. చీర కట్టిన పెళ్లికూతురు నడిచే బొమ్మ కావాలని కస్టమర్లు అడుగుతారు. ఆ చీర ఒక్కటే విడిగా ఒక ప్రాజెక్టు.

తెలుగువాళ్లం ప్రత్యేకంగా తెలుసుకోవలసింది ఒకటుంది, దీన్ని ఎవరూ చెప్పరు. నేను వాడిన వెర్షన్లలో బ్లెండర్ టెక్స్ట్‌లో తెలుగు నేరుగా టైపు చేస్తే ఒత్తులు, గుణింతాలు కలవవు. 'శ్రీ' విడిపోతుంది, 'లక్ష్మి' చెదిరిపోతుంది. శుభలేఖ టైటిల్‌కి ఇది పెద్ద అడ్డంకి. దారి ఉంది. ఇంక్‌స్కేప్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో, అదీ ఉచితమే, యూనికోడ్ తెలుగులో పేర్లు టైపు చేసి, 'ఆబ్జెక్ట్ టు పాత్' చేసి, అన్నిటినీ కలిపేసి ఎస్‌వీజీగా (బొమ్మని గీతల రూపంలో దాచే ఫైలు) సేవ్ చేయాలి. కలపకపోతే అక్షరాల లోపలి ఖాళీలు మూసుకుపోవచ్చు. అను ఫాంట్లకి అలవాటుపడినవాళ్లు కోరల్‌డ్రాలో వాటిని కర్వ్స్‌గా మార్చి ఎస్‌వీజీ తీసినా సరే. బ్లెండర్‌లోకి ఇంపోర్ట్ చేస్తే అక్షరాలు చీమంత వస్తాయి, కంగారు పడకండి, పెద్దవి చేసుకోండి. తర్వాత ఎక్స్‌ట్రూడ్ పెంచితే మందం, బెవెల్ పెంచితే అంచుకి నునుపు. బంగారు రంగు వేసి లైటు పెడితే పెళ్లివారు మురిసిపోతారు. నా సంపాదనలో పెద్ద వాటా ఈ ఒక్క పద్ధతిదే.

రెండరింగ్ సంగతి. బ్లెండర్‌లో ఈవీ, సైకిల్స్ అనే రెండరింగ్ పద్ధతులున్నాయి. ఈవీ వేగంగా చేస్తుంది. సైకిల్స్ వెలుతురు కిరణాలని లెక్కగడుతుంది కాబట్టి నిదానం, కానీ లోహం, గాజు అందంగా వస్తాయి. సైకిల్స్‌లో శాంపిల్స్ (బొమ్మలో ఒక్కో చుక్కకి ఎన్నిసార్లు లెక్కగట్టాలో చెప్పే అంకె) 4096 అని మొదటే రాసి ఉంటుంది. నేర్చుకునేవాళ్లకి అంత అక్కర్లేదు, 128 పెట్టి, మచ్చలు తుడిచే డీనాయిజ్ ఆన్ చేస్తే చాలు. పది సెకన్ల టైటిల్ అంటే 250 ఫ్రేములు, ఫ్రేముకి నిమిషం పడితే నాలుగు గంటల పైమాటే. రోహిణి కార్తెలో మన ఊళ్లో పగటిపూట అది పెట్టకండి, కంప్యూటర్ వేడికి నెమ్మదిస్తుంది. రాత్రి పెట్టండి. ఇంకా ముఖ్యంగా, వీడియోగా కాకుండా పీఎన్‌జీ బొమ్మలుగా రెండర్ చేయండి. కరెంటు పోతే వీడియో ఫైలు పాడవుతుంది. బొమ్మలైతే ఆగిన ఫ్రేము నుంచి మళ్లీ మొదలుపెట్టుకోవచ్చు.

విజయవాడలోనూ గుంటూరులోనూ యానిమేషన్ కోర్సులకి చాలా డబ్బు తీసుకునే చోట్లు ఉన్నాయి. చేరేముందు విద్యార్థులు చేసిన కదిలే బొమ్మలు చూపించమనండి, నిశ్చలమైన రెండర్లు కాదు. బంతి ఎగిరేది, మనిషి నడిచేది చూపించలేని చోట ఫీజు కట్టకండి. హైదరాబాదులో పెద్ద స్టూడియోలో ఉద్యోగమే లక్ష్యమైతే మాయా అనే ఇంకో త్రీడీ సాఫ్ట్‌వేర్ కూడా నేర్చుకోవాల్సి రావచ్చు. దాన్ని తయారుచేసే ఆటోడెస్క్ విద్యార్థులకి ఉచితంగానే ఇస్తుంది. గ్రాఫ్ ఎడిటర్‌లో చేయి తిరిగినవాళ్లకి అక్కడ మారేది బటన్ల చోటు మాత్రమే. ఒక్కరే కూర్చుని స్వయంగా పనులు చేసుకునేవాళ్లకి, మిక్సింగ్ ల్యాబు వాళ్లకి బ్లెండర్‌ని మించింది నాకు కనబడలేదు.

వెర్షన్ విషయంలో మాత్రం తొందరపడకండి. కొత్తది రాగానే మారితే పాత యాడాన్లు (అదనంగా చేర్చుకునే సదుపాయాలు) ఆగిపోతాయి, పాఠంలో చూసిన బటన్ ఇంకోచోట ఉంటుంది. ఎల్‌టీఎస్ అని రాసి ఉన్న వెర్షన్లకి రెండేళ్లపాటు దిద్దుబాట్లు వస్తాయి, 2024లో వచ్చిన 4.2 అలాంటిదే. నేర్చుకునేవాళ్లు అలాంటిదొకటి పట్టుకుని కోర్సు అయ్యేదాకా దాంతోనే ఉండాలి. ఇన్‌స్టాల్ అక్కర్లేని జిప్ రూపంలోనూ దొరుకుతుంది కాబట్టి కొత్త వెర్షన్‌ని వేరే ఫోల్డర్‌లో పెట్టుకుని విడిగా చూసుకోవచ్చు. కొత్తదాంట్లో సేవ్ చేసిన ఫైలు పాతదాంట్లో సరిగా తెరుచుకోకపోవచ్చు గనుక, డబ్బులు వచ్చే ప్రాజెక్టు ఏ వెర్షన్‌లో మొదలుపెడితే అందులోనే ముగించండి.