ఎవాన్స్‌విల్‌లో ఎల్‌ఎస్‌టి-325: ఓడకి వందకి వంద, మోటెల్‌కి సున్నా

ఇండియానాపోలిస్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళు లాంగ్ వీకెండ్ వస్తే చికాగో అంటారు, స్మోకీ కొండలు అంటారు, మా ఇండియానాలోనే దక్షిణం కొసన ఉన్న ఎవాన్స్‌విల్ పేరు మాత్రం ఎవరూ ఎత్తరు. ఊళ్ళో పెద్దగా ఏముంది అంటే నిజమే, కానీ ఓహైయో నది ఒడ్డున రెండో ప్రపంచ యుద్ధం నాటి ఓడ ఒకటి ఉంది, దాని కోసమే వెళ్ళొచ్చు. యూఎస్ఎస్ ఎల్‌ఎస్‌టి-325. ఎల్‌ఎస్‌టి అంటే ల్యాండింగ్ షిప్, ట్యాంక్. ట్యాంకుల్ని, ట్రక్కుల్ని కడుపులో పెట్టుకుని సముద్రం దాటి, రేవుతో పనిలేకుండా నేరుగా ఇసుకలోకి ఎక్కి, ముందున్న తలుపులు తెరిచి దించేసే రకం. యుద్ధం టైములో అమెరికా ఇలాంటివి వెయ్యికి పైగా కట్టింది. ఇది ఇప్పటికీ సొంత ఇంజిన్లతో కదులుతుంది, కట్టేసి రంగులేసిన బొమ్మ కాదు.

మాకు ఇంకో కారణం కూడా ఉంది. నాన్నగారు వైజాగ్ హిందుస్థాన్ షిప్‌యార్డులో వెల్డరుగా చేసి రిటైర్ అయ్యారు. మన నేవీ వాళ్ళ ఐఎన్ఎస్ ఘరియల్ కూడా ఈ జాతి ఓడే, దాని హల్ (ఓడ బాడీ) కట్టింది మన షిప్‌యార్డులోనే, 1997లో నేవీలో చేరింది. అమ్మా నాన్నా సమ్మర్‌కి మా దగ్గరికి వచ్చారు, మాల్స్ తిప్పితే నాన్నగారు కుర్చీ వెతుక్కుని కూర్చుంటున్నారు, సరే ఆయనకి నచ్చే చోటికి పోదాం అని బయల్దేరదీశాను.

ఐ-69 హైవే మీద మూడు గంటల లోపు డ్రైవ్, గ్యాస్‌కి రానూపోనూ 41 డాలర్లు, దారిలో చెప్పుకోడానికి ఏమీ లేదు. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, ఎవాన్స్‌విల్‌ది సెంట్రల్ టైమ్, వెళ్ళేటప్పుడు గంట కలిసొస్తుంది, తిరిగొచ్చేటప్పుడు పోతుంది.

ఇక మోటెల్. పేరు రాయను కానీ జరిగింది మాత్రం మొత్తం రాస్తా. ఆన్‌లైన్‌లో 69.99 చూపించింది, రెండు క్వీన్ బెడ్లు, నాన్-స్మోకింగ్. రాత్రి తొమ్మిదిన్నరకి కౌంటర్ దగ్గరికి వెళ్తే ఇద్దరి కంటే ఎక్కువ ఉన్నారు కాబట్టి అమ్మకీ నాన్నకీ మనిషికి పది అన్నాడు, టాక్స్‌తో కలిపి 103.49, పైన వంద డిపాజిట్. బుకింగ్‌లో నలుగురు పెద్దవాళ్ళు, ఒక బాబు అని స్పష్టంగా ఉంది, చూపిస్తే "అది వెబ్‌సైట్ వాళ్ళది, మా రూల్ ఇది" అంటాడు. రూమ్ తలుపు తీయగానే గుప్పున సిగరెట్ కంపు. టబ్‌లో నీళ్ళు పోవు, అమ్మ స్నానానికి దిగి చీలమండ దాకా మురికి నీళ్ళలో నిలబడింది. ఏసీ అరగంటకోసారి దడదడ కొట్టుకుని ఆగేది, బాబు ఉలిక్కిపడి లేచేవాడు. సరే ఒక్క రాత్రే కదా అని ఓర్చుకున్నాం.

అసలు మంట పొద్దున చెకౌట్‌లో. డిపాజిట్‌లో 75 డాలర్లు కట్ చేశాడు. ఎందుకయ్యా అంటే రూమ్‌లో వంట వాసన వస్తోందట, స్పెషల్ క్లీనింగ్ అట. మేం వండలేదు, అక్కడ స్టవ్ కూడా లేదు, అమ్మ ఇంటి దగ్గర చేసి తెచ్చిన పులిహోర, పెరుగన్నం తిన్నాం, ప్లేట్లు కూడా కవర్లో కట్టి బయట డస్ట్‌బిన్‌లో వేసొచ్చాం. సిగరెట్ కంపు కొట్టే గదికి పులిహోర వాసన ఫైనా! మా ఆవిడ కౌంటర్ దగ్గర గట్టిగానే వేసుకుంది, మేనేజర్ సోమవారం గానీ రాడన్నారు. డబ్బు సంగతి పక్కన పెట్టండి, అమ్మ మొహం చూడలేకపోయాను. "నా వల్లే కదరా" అంటూ కార్లో కూర్చుని ఇంక మాట్లాడలేదు. రూమ్ వీడియో, టబ్ ఫోటోలు ఉన్నాయి, కార్డు కంపెనీలో డిస్ప్యూట్ వేశాను. మీరు వెళ్తే చవక అని హైవే పక్కన దిగకండి, ఇంకో 40 పెట్టి డౌన్‌టౌన్‌లో నది దగ్గర ఉండండి, ఓడ దగ్గరికి నడిచే పోవచ్చు.

ఆ మూడ్‌లో ఓడ దగ్గరికి వచ్చాం. దూరం నుంచి చూస్తే అంత అందమైనదేం కాదు, 328 అడుగుల పొడవు, 50 అడుగుల వెడల్పు, డబ్బాలా ఉంటుంది. లోపల ట్యాంక్ డెక్‌లోకి అడుగుపెట్టాక నాన్నగారి నడక మారిపోయింది. ప్లేటుకీ ప్లేటుకీ మధ్య అతుకు దగ్గర ఆగారు, పెయింట్ కోటింగుల కింద వెల్డింగ్ బీడ్ (కరిగిన లోహం గట్టిపడిన గీత) ఉబ్బెత్తుగా కనిపిస్తోంది, బొటనవేలు పెట్టి కొస దాకా మెల్లగా రాసుకుంటూ పోయారు, మధ్యలో ఒకచోట ఆగి "ఇక్కడ వెల్డింగ్ రాడ్ మార్చాడ్రా" అన్నారు. 1942 ఆగస్టులో ఫిలడెల్ఫియా నేవీ యార్డులో పని మొదలుపెట్టి అక్టోబరు 27కే నీళ్ళలోకి దించేశారని చదివి చెప్తే, మళ్ళీ చదవమన్నారు.

వాలంటీరుగా ఉన్న పెద్దాయన ఇదంతా చూస్తున్నాడు. ఈయనకి షిప్‌యార్డు అనుభవం ఉందని చెప్పాను, అంతే, ఇంక మమ్మల్ని వదల్లేదు. ఓడ ఒడ్డుకి ఎక్కే పద్ధతి చేతులతో చూపిస్తూ చెప్పాడు. అడుగు బల్లపరుపు. సముద్రం మీద పోయేటప్పుడు బ్యాలస్ట్ ట్యాంకుల్లో నీళ్ళు నింపి బరువుగా ఉంచుతారు, ఒడ్డు దగ్గరికి రాగానే ఆ నీళ్ళు తోడేస్తే ముక్కు పైకి తేలుతుంది. ఇంకా కొంచెం దూరం ఉండగానే వెనక లంగరు వదిలేసి ముందుకి పోయి ఇసుక ఎక్కుతారు, సరుకు దించాక ఆ లంగరు తాడుని వించ్‌తో లాక్కుంటే ఓడ తనంతట తనే వెనక్కి వచ్చేస్తుంది. ఆ బల్లపరుపు అడుగు వల్లే నడిసముద్రంలో విపరీతంగా దొర్లేదట, సైనికులు యుద్ధానికి ముందే వాంతులతో సగం అయిపోయేవాళ్ళట. స్పీడు 12 నాట్లు, అంటే గంటకి సుమారు 22 కిలోమీటర్లే, అందుకే ఎల్‌ఎస్‌టి అంటే లార్జ్ స్లో టార్గెట్, పెద్ద నిదానపు టార్గెట్ అని జోకులేసేవాళ్ళు.

325 చేసిన పని చూస్తే మాత్రం చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. 1943 జులైలో ఇటలీలోని సిసిలీ, సెప్టెంబరులో అక్కడే సలెర్నో. 1944 జూన్ 7న ఫ్రాన్స్‌లోని నార్మండీలో ఒమాహా బీచ్ ముందు, 59 వాహనాలు, నాలుగు వందల పైచిలుకు మనుషులతో. తిరుగు ప్రయాణంలో 38 మంది క్షతగాత్రుల్ని తెచ్చింది. తర్వాత 1945 ఏప్రిల్ లోపు ఇంగ్లిష్ ఛానల్ మీద 40కి పైగా ట్రిప్పులు. ట్యాంకుల్ని దించిన డెక్ మీదే వెనక్కి వచ్చేటప్పుడు స్ట్రెచర్లు పరిచేవాళ్ళు. 1944 డిసెంబరు 28న ఎంపైర్ జావెలిన్ అనే సైనికుల ఓడ మునిగిపోతుంటే పక్కకి వెళ్ళి దాదాపు 700 మందిని ఎక్కించుకుంది. ఈ మాట విన్నాక అమ్మ ఆ రోజు మొదటిసారి నోరు తెరిచింది, "ఇంతమందికి అన్నం ఎక్కడ వండారు?" అని. వంటగది చూపించమన్నాం, అక్కడే చాలాసేపు ఉండిపోయింది.

నాన్నగారికి మాత్రం అన్నిటికంటే నచ్చింది 1945 మే నెల కథ. యుద్ధం అయిపోయి అమెరికాకి తిరిగొస్తుంటే బెల్‌ఫాస్ట్ దాటిన రెండు రోజులకి తుఫాను, ముక్కు వెళ్ళి పెద్ద అలని గుద్దుకుని మెయిన్ డెక్ అడ్డంగా పగిలింది. రివెట్లు కొట్టిన ఓడ అయితే పగులు ప్లేటు అంచు దగ్గర ఆగుతుంది, వెల్డింగ్ ఓడలో ఒక ప్లేటు నుంచి ఇంకో ప్లేటుకి పరిగెత్తుకుంటూ పోతుంది, ఓడ రెండు ముక్కలు కావడానికి ఎక్కువ టైము పట్టదు, ఇది నాన్నగారు చెప్తుంటే నేను ఇంగ్లిష్‌లో వాలంటీరుకి చెప్పాను. షిప్‌ఫిట్టర్లు (ఓడలో స్టీలు పని చేసేవాళ్ళు) ఆ తుఫానులోనే స్టీలు దూలాలు పగులుకి అడ్డంగా వేసి వెల్డ్ చేసి ఓడని నిలబెట్టారు. "తడి డెక్కు మీద, ఓడ అలా ఊగుతుంటే వెల్డింగ్ ఆర్క్ ఎలా పట్టాడో అడుగు" అన్నారు నాన్నగారు. వాలంటీర్ తల ఊపి నాన్నగారి చెయ్యి పట్టుకున్నాడు. ఒకరి భాష ఒకరికి రాదు, నేను అవసరం లేదని పక్కకి వచ్చేశాను.

తర్వాతి చరిత్ర కూడా చిన్నదేం కాదు. 1950ల్లో ఆర్కిటిక్ వైపు రాడార్ స్టేషన్ల పనికి వెళ్ళింది, 1964లో గ్రీస్‌కి ఇచ్చేస్తే సైరోస్ అనే పేరుతో 1999 దాకా అక్కడ పనిచేసింది. పాత ఎల్‌ఎస్‌టి నావికులు సగటు వయసు 72 ఏళ్ళతో గ్రీస్ వెళ్ళి, ఎండలో రిపేర్లు చేసుకుని, కెప్టెన్ రాబర్ట్ జోర్న్‌లిన్ ఆధ్వర్యంలో 2000 నవంబరులో క్రీట్ నుంచి బయల్దేరి అట్లాంటిక్ దాటి 2001 జనవరి 10న అలబామాలోని మొబైల్‌కి చేర్చారు. 2005 నుంచి ఎవాన్స్‌విల్‌లో ఉంది. ఈ ఓడ ఇక్కడ పుట్టింది కాకపోయినా యుద్ధంలో ఈ ఊరి షిప్‌యార్డు 167 ఎల్‌ఎస్‌టీలు కట్టింది, సముద్రానికి ఇంత దూరంలో, నది ఒడ్డున! అందుకే ఊళ్ళో వాళ్ళు దీన్ని అంత ప్రేమగా చూసుకుంటారు.

భోజనం మెక్సికన్ ప్లేసులో బీన్స్ బరిటోలు, అయిదుగురికి టిప్‌తో 58.20, పర్లేదు. ఈ ఊరి స్పెషల్ పంది మెదడు శాండ్‌విచ్ అట, వెజిటేరియన్లు ఆర్డర్ ఇచ్చే ముందు కనుక్కోండి.

వెళ్ళేవాళ్ళకి: మెట్లు నిచ్చెనల్లా నిటారుగా ఉంటాయి, చీరతో ఎక్కడం కష్టం, అమ్మ పైన ఓడ నడిపే గది, వీల్‌హౌస్ దాకా రాలేదు. మోకాళ్ళ నొప్పులుంటే ట్యాంక్ డెక్ వరకు చాలు. జులైలో ఇనుము కాలిపోతుంటుంది, పొద్దున్నే వెళ్ళండి, గంటలో చూసేద్దాం అనుకోకుండా సగం పూట పెట్టుకోండి. ఏటా ఆగస్టు చివర, సెప్టెంబరులో ఓడ వేరే ఊళ్ళకి టూర్ వెళ్తుంది, అప్పుడు వెళ్తే డాక్ ఖాళీగా ఉంటుంది, ముందే డేట్లు చూసుకోండి. మిషిగన్ మస్కీగన్‌లో ఎల్‌ఎస్‌టి-393 అని ఇంకోటి ఉంది, యుద్ధం అయ్యాక మిషిగన్ సరస్సు మీద కార్లు మోసిందట. నాన్నగారు రిటర్న్ టికెట్ లోపు అది కూడా చూపించమంటున్నారు, అక్కడ మంచి హోటల్ ఎవరికైనా తెలిస్తే చెప్పండి, పులిహోర తినగలిగేది.