గోల్డ్‌ఫింగర్: బూరలు మోగితే చాలు

1964 నాటి జేమ్స్ బాండ్ సినిమా ‘గోల్డ్‌ఫింగర్’ను నేను సగం చెవులతోనే చూస్తాను. సంగీత దర్శకుడు జాన్ బ్యారీ ఇత్తడి బూరలు విరుచుకుపడగానే వెన్ను నిటారుగా అవుతుంది. టైటిల్ పాటలో షర్లీ బాసీ చివరి స్వరాన్ని పట్టుకుని ఎంతకీ వదలదు. ఊపిరాడనిది మాత్రం నాకు! అమెరికా బంగారు నిల్వలుండే ఫోర్ట్‌నాక్స్‌పై దాడిలో సంగీతం కవాతులా మెల్లగా బిగుస్తుంది. చేతిగడియారం చూడబుద్ధి కాదు.

లొసుగులున్నాయి. విలన్ గోల్డ్‌ఫింగర్ ముఠా నాయకులకు పథకమంతా నమూనాతో సహా వివరించి మరీ చంపడమెందుకో! ఆడవాళ్ళతో బాండ్ తీరు నాకు మింగుడుపడదు. కానీ బల్లకు కట్టేసిన బాండ్ (షాన్ కానరీ) వైపు లేజర్ కిరణం పాకే సన్నివేశం చూడండి. తన్నులాట లేదు. కేవలం మాటతో ప్రాణం దక్కించుకుంటాడు. ఆస్టన్ మార్టిన్ కారు విన్యాసాలకన్నా నాకదే ఇష్టం. ఫోనులో మాత్రం చూడకండి, ఆ బూరలకు మంచి స్పీకర్లు కావాలి.