ఎస్పీ ఆఫీసు దగ్గరైంది, బీటు మాత్రం అక్కడే ఉంది: గోదావరి డెల్టాలో పోలీసు సేవలు ఎలా ఉన్నాయి

2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక అమలాపురం వాళ్లకి ఎస్పీ కోసం కాకినాడ వెళ్లే బాధ తప్పింది. నరసాపురం వాళ్లకి ఏలూరు బదులు భీమవరంతో పని అయిపోతోంది. పై అధికారిని కలవడం వరకే చూస్తే అయిదుకి నాలుగు మార్కులు వేయొచ్చు. రాత్రి గస్తీకి రెండు దాటి వేయలేం.

జిల్లా చీలితే కానిస్టేబుళ్లు రెట్టింపు కారు. కొత్త హెడ్‌క్వార్టర్స్‌కి విడిగా కంట్రోల్ రూమ్, స్పెషల్ బ్రాంచి, దొంగతనాల కేసులు చూసే సీసీఎస్, ఆర్మ్‌డ్ రిజర్వు కావాలి. వాళ్లంతా ఉన్న బలగం లోంచే రావాలి. లెక్క కోసం ఒక స్టేషన్‌లో 30 మంది అనుకోండి. సెంట్రీకి ముగ్గురు, రైటరు, కోర్టు కానిస్టేబులు, కంప్యూటరు దగ్గర ఇద్దరు, సమన్లు-వారెంట్లకి ఇద్దరు, వీక్లీ ఆఫ్‌, సెలవుల్లో ఆరుగురు, బందోబస్తుకి అయిదుగురు పోతే మిగిలేది పదిమంది. పగలూ రాత్రీ బీట్లు, దర్యాప్తులు వాళ్ల మీదే. ఇక సంక్రాంతికి కోడిపందేల బరుల దగ్గర డ్యూటీ పడిందంటే వీధుల వైపు చూసే నాథుడుండడు. సచివాలయంలోని మహిళా పోలీసుకి ఊరి సంగతులన్నీ తెలుస్తాయి గానీ దొంగని పట్టే పని ఆమెది కాదు.

అందుకే తాళం వేసి ఊరెళ్లేవాళ్లకి పనికొచ్చేది పోలీసుల కెమెరా నిఘా పద్ధతి ఎల్‌హెచ్‌ఎంఎస్. డబ్బులు కట్టక్కర్లేదు. యాప్‌లో ఇంటి వివరాలు నమోదు చేసి, వెళ్లే తేదీలు పెడితే పోలీసులు వచ్చి కెమెరా బిగిస్తారు. లోపల అలికిడైతే కంట్రోల్ రూమ్‌కి అలర్ట్ వెళ్తుంది, అక్కణ్ణుంచి బీటు వాళ్లకి కబురు. ముందురోజు రాత్రి అడిగితే కెమెరా దొరక్కపోవచ్చు, పండగలకీ వేసవి సెలవులకీ గిరాకీ ఎక్కువ. ఇంకోటి, చాలామంది అలవాటుగా మెయిన్ స్విచ్ ఆపేసి వెళ్తారు. కెమెరాకి కరెంటు ఎక్కణ్ణుంచి వస్తుంది మరి? ఫ్యూజులు తీయదలిస్తే ఆ ఒక్క ప్లగ్గు లైను వదిలేయండి.

చేపలు, రొయ్యల చెరువుల దగ్గర నీటికి గాలి అందించే ఏరియేటర్ మోటార్లు, రాగి తీగ పోయినప్పుడు ఫిర్యాదు రాసే తీరులోనే సగం కేసు ఉంటుంది. ‘మోటారు పోయింది’ అని ఊరుకుంటే చాలదు. సీరియల్ నంబరు, బిల్లు, చివరిసారి చూసిన సమయం, చెరువు సర్వే నంబరు రాయాలి. విలువ తప్పక వేయాలి: కొత్త చట్టం భారతీయ న్యాయ సంహితలో రూ.5,000 లోపు దొంగతనం నాన్ కాగ్నిజబుల్ కిందికి పోవచ్చు, అప్పుడు మేజిస్ట్రేటు ఉత్తర్వు లేకుండా దర్యాప్తు మొదలవదు. మూడు నుంచి ఏడేళ్ల లోపు శిక్షపడే నేరమైతే డీఎస్పీ అనుమతితో 14 రోజుల ప్రాథమిక విచారణ చేసే వీలుంది. ‘తిప్పుతున్నారు’ అనుకునే ముందు ఆ అనుమతి తీసుకున్నారా అని అడగండి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితం. ఆన్‌లైన్‌లో ఇచ్చిన ఫిర్యాదుకి మూడు రోజుల్లో వెళ్లి సంతకం పెట్టాలి.

స్టేషన్‌లో తీసుకోకపోతే ఎస్పీకి రాతపూర్వకంగా పంపే హక్కుంది. సోమవారం ప్రజా ఫిర్యాదులు తీసుకునే పీజీఆర్ఎస్‌కి వెళ్లినా సరే. అయితే అర్జీ మళ్లీ ఆ ఎస్ఐ దగ్గరికే విచారణకి వస్తుంది, అది అందరినీ విసిగించే సంగతే. కాకపోతే ఈసారి నంబరుతో వస్తుంది, జవాబు రాయక తప్పదు. పాత రసీదు ఉంటే అది జతచేయకుండా మాత్రం వెళ్లకండి.

నదికి అవతల పరిధి మారిపోవడం డెల్టాకి ప్రత్యేకమైన తలనొప్పి. సఖినేటిపల్లిలో పోయిన బండి పంటు (నది దాటించే పడవ) ఎక్కితే నరసాపురం, అంటే వేరే జిల్లా. దిండి దాటి చించినాడ వంతెన ఎక్కినా అంతే. ఇప్పుడు పరిధితో పని లేకుండా ఏ స్టేషన్లోనైనా రాసే జీరో ఎఫ్ఐఆర్ ఉంది కనక ఏ ఒడ్డున స్టేషన్ దగ్గరైతే అక్కడే ఇవ్వండి, బదిలీ వాళ్ల పని. ‘మా పరిధి కాదు’ అన్న మాట ఇంకా వినబడుతోంది, ఈ విభాగానికి మార్కులు పోయేది అక్కడే.

యానాం మరో లెక్క. ఎదుర్లంక వంతెన దిగగానే పుదుచ్చేరి పోలీసులు. ఆ కాస్త దూరంలో ఏం జరిగినా 112కి ఫోన్ చేసినప్పుడు మొదట ‘యానాం’ అనే మాట చెప్పండి, తర్వాతే వీధి పేరు. యూపీఐ మోసానికి పరిధులతో పని లేదు, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేసి లావాదేవీ నంబరు చదవండి. డబ్బు ఖాతాలు మారేలోపే ఆపగలరు, మర్నాడు బ్యాంకు తెరిచేదాకా ఆగితే కష్టం.